బేగంపేట నుంచి శాంతాక్రజ్‌కు, మా చేను మీదుగా

జహీరాబాదు వాళ్ళకు బొంబాయి పడమట ఉంటుంది. మేము మాత్రం ఆ రోజు బొంబాయికని తూర్పుకు బయలుదేరాం. ఇదేం చోద్యం అనుకోకండి, చెప్తాను. మా చేను, అందులోనే ఇల్లు, కోహీర్ వైపు ఉన్నాయి, బొంబాయి రోడ్డుకు కూతవేటు దూరం. పొద్దస్తమానం లారీలు, బస్సులు అటే పోతుంటాయి. సాయంత్రం బస్సెక్కి కూర్చుంటే మర్నాడు మధ్యాహ్నానికి బొంబాయిలో దిగవచ్చు. అలాంటిది వంద కిలోమీటర్లు వెనక్కి హైదరాబాదుకు పోయి, బేగంపేటలో విమానమెక్కి, మళ్ళీ మా ఊరి నెత్తిమీదుగానే బొంబాయికి పోయాం. డెబ్బైల చివర్లో సంగతి. ఈమధ్య నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఫోనులో అడిగింది: "టీచర్, హైదరాబాద్ నుంచి ముంబైకి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది?" అని. వాళ్ళ నాన్నను అక్కడి ఆసుపత్రికి తీసుకుపోవాలట. ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ బడిలో ఏళ్ళ తరబడి భూగోళం చెప్పినదాన్ని, ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను.

మా నాయన రైతు. చెరుకు, అల్లం పండించేవాడు. చిన్నతనంలోనే చెరుకాకు కోసుకుని కుడి కన్ను పోయింది. ఉన్న ఒక్క ఎడమ కంటితోనే ఎర్రనేల బాగు చేసి, బావి తవ్వించి, మమ్మల్ని పెంచాడు. ఆ చలికాలం ఒక రోజు చేలోంచి మధ్యాహ్నమే ఇంటికొచ్చి, "ముక్కు పక్కకెళ్ళి నల్లగ ఒక తెర గుంజినట్టయితున్నది బిడ్డా" అన్నాడు. మేము శుక్లం అనుకున్నాం. జహీరాబాదులో కంటి శిబిరం పెడితే తీసుకుపోయాం. హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు చాలాసేపు దీపం వేసి చూసి, నన్ను పక్కకు పిలిచాడు. కంటి లోపలి పొర ఊడిపోతోందట. దానికి ఆపరేషన్ చేసే డాక్టరు బొంబాయిలో ఉన్నాడని, ఆయనతో తానే మాట్లాడతానని, రెండు మూడు రోజుల్లో అక్కడ చేర్చమని అన్నాడు. బస్సు కుదుపులు తగలకూడదు. తల ఎడమకు వాల్చి కదపకుండా ఉంచాలి. విమానంలో తీసుకుపోవడమే మంచిది. "మరి చూపు వస్తుందా?" అని అడిగాను. "రావచ్చు, రాకపోవచ్చు. అబద్ధం చెప్పలేను" అన్నాడు ఆ మహానుభావుడు.

మా అన్న హైదరాబాదు పోయి రెండే రెండు టికెట్లు పట్టుకొచ్చాడు. బొంబాయిలో డాక్టర్లతో మాట్లాడాలి కాబట్టి నాయన వెంట నేను పోవాలి. అల్లం తవ్వకం నడుస్తోంది, బర్రెలు ఈనే రోజులు, కాబట్టి అమ్మ ఉండిపోవాలి. ఇది ఎవరూ కూర్చుని తేల్చింది కాదు, దానంతటదే తేలిపోయింది. అమ్మకు రావాలని ఉందో లేదో ఎవరమూ అడగలేదు.

బయలుదేరే ముందు రోజు సెలవు చెప్పడానికి బడికి పోయాను. నా గదిలో గోడకు దేశపటం వేలాడుతుండేది. ఊరికే చేతులూరుకోక, పిల్లల అడుగుబద్ద తీసి హైదరాబాదు నుంచి బొంబాయికి ఆనించాను. బద్ద సరిగ్గా జహీరాబాదు మీద పడింది! నమ్మలేక మళ్ళీ పెట్టి చూశాను. కోహీర్ ఆ గీతకు కొంచెం కింద, అంటే ఎడమ చేతి వైపున ఉంది. దారి వంకరలన్నీ కలుపుకుని నేల మీద హైదరాబాదు నుంచి ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు, గాలిలో తిన్నగా పోతే ఆరువందల పైచిలుకు. జెట్టు విమానానికి గంటా పావు చాలు. మాకు దొరికింది పంకాల విమానం, దానికి రెండు గంటలకు కాస్త తక్కువ. ఎలా లెక్క వేసినా బేగంపేటలో లేచిన పావుగంటకల్లా మా చేను దాటాలి.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే నాయన మంచం మీద తల వాల్చుకునే నవ్వాడు. "అయితే మన బాయి, మన చెరుకు, అన్నీ పైకెళ్ళి కనవడ్తయా?" అన్నాడు. కనబడతాయి కానీ మనది ఏదో గుర్తుపట్టడం కష్టమన్నాను. అంతే, మా అన్న లేచి నిలబడ్డాడు. "ఎందుకు గుర్తువట్టరు? చెరుకాకు కుప్పవోసి అంటువెడ్త. పొగ లేస్తది. గా పొగ కిందున్నదే మన చేను" అన్నాడు. చెరుకు నరికాక ఎండాకు ఎలాగూ తగలబెట్టేదే. విమానం పదకొండింటికి లేస్తుంది, కాబట్టి పదకొండుంపావుకు అంటించాలని మాట అనుకున్నాం. నాయన మొహం చూడాలి మీరు! ఆపరేషన్ మాటెత్తితే ఊ కూడా అనని మనిషి, పొగ ఎటు నుంచి ఎటు పోతుందో, గాలి ఏ పక్కకు ఉంటుందో అన్నీ అడిగాడు. అందరూ లేచిపోయాక నా చెయ్యి పట్టుకుని, "ఒక్క మాట బిడ్డా. నాకు కనవడకపోతే నిన్నడుగుత. ఉన్నది ఉన్నట్టు జెప్పు. నన్ను ఖుష్ చేసేటందుకు లేనిది జెప్పకు. మల్ల సూస్తనో లేదో" అన్నాడు. నేను సరేనన్నాను.

మర్నాడు తెల్లవారుతూనే యూసుఫ్ భాయ్ అంబాసిడర్ తెచ్చాడు. జహీరాబాదులో టాక్సీ అంటే అప్పట్లో ఆయనే. వెనక సీట్లో దిండ్లు పేర్చి, నాయన తల నా ఒళ్ళో పెట్టించాడు. అమ్మ మాత్రం గడప దగ్గర లేదు. "మీ అమ్మ ఏది?" అన్నాడు నాయన. దొడ్లో బర్రెకు మేత వేస్తోందట, విమానం పోయినా పరవాలేదన్నట్టు. అన్న పిలిస్తే వచ్చింది. నాయన చొక్కా జేబులో శొంఠికొమ్ము పెట్టింది. "కండ్లు తిరిగితే నములు. కిటికీల కెళ్ళి వంగకు" అంది. ఇంకేమైనా అంటుందేమోనని నాయన ఎదురుచూశాడు. ఆమె కారు తలుపు మెల్లగా మూసి మళ్ళీ దొడ్లోకి పోయింది. అమ్మ అంతే. మేతలో ఒక్క చొప్పదంటు కింద పడితే తిరిగి ఏరి పెట్టే మనిషి, మాటల విషయంలోనూ అంతే పొదుపు.

యూసుఫ్ భాయ్ మా ముందే స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి స్టీరింగు పక్కన పెట్టాడు. "పటేలా, ఫికర్ చెయ్యకున్రి. గీ నీళ్ళు తొణికితే నాకు కిరాయి ఇయ్యకున్రి" అన్నాడు. అన్నట్టే నడిపాడు. గుంత కనబడితే ఆగి, ఇటు చూసి అటు చూసి దాటించేవాడు. సదాశివపేట దాటాక ఒక ఎడ్లబండి మమ్మల్ని దాటుకుని ముందుకు పోయింది. బండి మీది ముసలాయన మావైపు జాలిగా చూశాడు. "యూసుఫ్, గిట్ల పోతే విమానం బొంబాయికి వొయ్యి మల్లొస్తది" అన్నాడు నాయన. "రానియ్యిన్రి పటేలా, మల్లొచ్చినప్పుడే ఎక్కుదురు" అన్నాడు ఆయన. సంగారెడ్డిలో టీ తాగడానికి ఆగాం. మామూలుగా మూడు గంటలు పట్టే దారి నాలుగున్నర గంటలు పట్టింది. బేగంపేటలో దించి, ఆ గ్లాసులో మిగిలిన నీళ్ళు నాకు చూపించి మరీ పారబోశాడు. నిజం చెప్పాలంటే సగమే మిగిలాయి. ఆయనా చూశాడు, నేనూ చూశాను, ఇద్దరమూ ఏమీ అనుకోలేదు.

అప్పటి బేగంపేట విమానాశ్రయం ఇప్పటి పెద్ద బస్టాండంత కూడా ఉండదు. విమానాలు చూడటానికే పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు. లోపల బెంచీ మీద నాయనను కూర్చోబెట్టి, దిండు గోడకు ఆనించి తల వాల్పించాను. అప్పుడు తెలిసింది, బొంబాయి నుంచి రావలసిన విమానం ఇంకా రాలేదని. అది వచ్చి, తిరిగి పోవాలట. ఎంతసేపంటే గంట పైనే అన్నారు. పదకొండుంపావుకు మా అన్న అక్కడ అంటించేస్తాడు కదా! చేలో ఫోనా, పాడా. జహీరాబాదు పోస్టాఫీసుకు ట్రంకాల్ చేసినా అక్కడి నుంచి చేనుకు కబురెవరు తీసుకుపోతారు? క్యాంటీన్‌లో ఇడ్లీలు పెట్టే పెద్దాయన నా అవస్థ చూసి సంగతి అడిగాడు. చెప్పాను. "అమ్మా, విమానం కనబడందే పొగ ఎందుకు పెడతారు? ఆకాశంలో చప్పుడు వింటారు కదా" అన్నాడు. అవును కదా అని ఊపిరి పీల్చుకున్నాను. నాయనకు జొన్నరొట్టె, అల్లం పచ్చడి విప్పి తినిపించాను. పెద్దాయన డబ్బులడగకుండా ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి పెట్టాడు.

ఆయనకు తెలియనిది, నాకు తెలిసీ తట్టనిది ఒకటుంది. మాకు ఉత్తరాన బీదర్. అక్కడ మిలిటరీ వాళ్ళు విమానం నడపడం నేర్పుతారు. పొద్దున లేస్తే మా చేలమీద అవి గిర్రున తిరుగుతూనే ఉంటాయి. కాకులు అరిస్తే తలెత్తి చూస్తామేమో కానీ వాటి కోసం ఎవరూ తలెత్తరు. మా ప్రాంతంలో వాటిని విమానాల కిందే జమకట్టం. అందుకే దేశపటం మీద బద్ద పెట్టి గీత గీసిన నాకు గానీ, ఆకు కుప్పపోసిన మా అన్నకు గానీ అవి గుర్తుకే రాలేదు.

పన్నెండు దాటాక విమానం ఎక్కించారు. ఎడమ వైపు, రెక్క వెనక కిటికీ సీట్లో ఒక కోటు పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. మా నాయన కంటి సంగతి, చేను సంగతి గబగబా చెప్పేశాను. ఆయన మారుమాట లేకుండా లేచి అవతలి సీట్లోకి పోయాడు. దిండు కిటికీకి ఆనించి నాయన తల దానిమీద వాల్చాను. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి చాక్లెట్లు, దూది తెచ్చింది. "ఎందుకమ్మా గివి?" అన్నాడు నాయన. చెవులు దిబ్బెడ వేయకుండా అని ఆ పిల్ల చెప్పింది. "నాకు మా ఇంటామె మందు పెట్టింది" అని శొంఠికొమ్ము తీసి ఆ పిల్లకూ ఒక ముక్క కొరికి ఇవ్వబోయాడు. ఆమె నవ్వి వద్దంది. పంకాలు గిర్రుమన్నాయి. లేస్తున్నప్పుడు నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పొద్దున నాలుగున్నర గంటలు పాకుతూ వచ్చిన దారంతా తెల్లటి నూలుపోగులా కింద వెనక్కి జారిపోతోంది.

"ఏం కనవడ్తున్నది?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు కొంత కనబడుతోంది, నల్లని తెర లేని పక్క మాత్రమే. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతూ పోయాను. రోడ్డు, చెరువు, చిన్న గుట్ట. నల్లనేల పోయి ఎర్రనేల వచ్చింది. రైలు పట్టాలు కనబడ్డాయి. "పట్టాలొచ్చినయ్ నాయినా. కోహీర్ ఇంగో గీడనే." పచ్చటి ముక్కలు, ఎర్రటి ముక్కలు, మధ్యలో చుక్కల్లా బావులు. అటూ ఇటూ వెతికాను. చెరుకు నరికిన చోట ఒక నల్లటి మచ్చ ఉంది. పొగ లేదు.

"పొగ ఉన్నదా?"

ఉందని చెప్పేద్దును. నోటి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటకు ఆయన సంతోషంగా ఆపరేషన్ బల్ల ఎక్కుతాడు, పోయేదేముంది? కానీ మాట ఇచ్చాను.

"లేదు నాయినా."

"సక్కగ జూసినవా?"

"జూసిన. లేదు."

"మంచిదే తియ్. పనులల్ల ఉంటరు" అన్నాడు. తల అలాగే వాల్చి ఉంది, కిటికీ నుంచి తీయలేదు. చేను రెక్క కింది నుంచి జరిగి వెనక్కి పోతోంది. నేను ముందుకు తిరిగి కూర్చున్నాను, ఏడుపు కనబడకుండా. అప్పుడు ఆయన నా చెయ్యి లాగాడు. "బిడ్డా, గదేంది? గా వెనకకు జూడు!"

నేను ఆయన మీదుగా వంగి చూశాను. వెనక, బాగా వెనక, నేల మీద నుంచి బూడిదరంగు పొగ లేస్తోంది. సన్నటి పొగ కాదండీ, ఊరంతా ఒకేసారి పొయ్యి వెలిగించినంత పొగ. మేము చూస్తుండగానే లావెక్కి, పైకెక్కి, గాలికి మా వైపే వంగింది. "కనవడ్డది! నాయినా, కనవడ్డది!" అని అరిచేశాను. కోటు పెద్దమనిషి, ఎయిర్ హోస్టెస్ అమ్మాయి కూడా వచ్చి మా కిటికీలోంచి తొంగిచూశారు. నాయన కంట్లోంచి నీళ్ళు దిండు మీదికి కారుతున్నాయి. తుడుద్దామంటే తల కదులుతుందని తుడవలేదు. ఆ పొగ చిన్నదై, చుక్కై, కనబడకుండా పోయేదాకా చూశాం.

కొంతసేపటికి నాయన గొంతు మారింది. "బిడ్డా, బాయికి అవతలనా, ఇవతలనా?" ఇవతలే అన్నాను. "ఇవతల చెరుకాకు ఏడిది? చెరుకాకు బుస్సున మండి ఆరుతది, పొగ తెల్లగుంటది. గది చెరుకాకు కాదు. గది చొప్ప." బావికి ఇవతల, ఇంటి పక్కన దొడ్లో జొన్నచొప్ప కుప్ప ఉంది. ఏడాది పొడుగునా ఎడ్లకు, బర్రెలకు అదే మేత. అది అంటుకుంటే పక్కనే ఇల్లు, కొట్టం. ఇక బొంబాయి విమానాశ్రయం శాంతాక్రజ్‌లో దిగేదాకా ఆయనకు ఆపరేషన్ గుర్తులేదు, కన్ను గుర్తులేదు. "మీ అమ్మ పైలమేనా? బర్రెలను ఇడిసిన్రా?" ఇదే మాట. విమానాశ్రయం బయట టాక్సీ ఎక్కినా అదే. మరాఠీ డ్రైవరుతో నాయన మా సరిహద్దు మరాఠీలో చొప్ప తగలబడిన కథ మొదలుపెట్టాడు. ఆయన కూడా పల్లెటూరి వాడే అయి ఉంటాడు, "అయ్యో దాదా, గొడ్లు బాగున్నాయా?" అని మరాఠీలో మా నాయనకంటే ఎక్కువ బాధపడి, చెప్పకుండానే మెల్లగా నడిపాడు. ఆ సాయంత్రం ట్రంకాల్ కలవలేదు. మర్నాడు ఆపరేషన్ చేసి రెండు కళ్ళకూ కట్టు కట్టారు.

మూడు రోజుల తర్వాత మా అన్న బొంబాయి బస్సెక్కి, అల్లం మురబ్బా డబ్బాతో ఆసుపత్రికి వచ్చాడు. గుమ్మంలోకి రాగానే, అడుగు చప్పుడు విని "ఇల్లు ఉన్నదారా?" అన్నాడు నాయన. ఉంది, అందరూ బాగానే ఉన్నారని చెప్పి అన్న తల గోక్కున్నాడు. "చెప్తే నవ్వుతవ్ నాయినా. సరిగ్గ పదకొండుంపావుకు సప్పుడు వచ్చింది. వచ్చింది వచ్చిందని కూలోల్లందరం ఒర్రుకుంట కుప్పకు అంటువెట్టినం. మస్తు మండింది. అందరం రుమాళ్ళు ఊపినం. అమ్మ వచ్చి 'ఓరి మొద్దూ, అది బీదర్ది రా' అన్నది. సూస్తే నిజమే, అది గిర్రున తిరిగి మల్ల మా మీదికే వచ్చింది!"

నాయన నవ్వు ఆపుకున్నాడు. "తర్వాత?"

"తర్వాతేముంది? ఆకంత అయిపాయె. నేను సిగ్గయ్యి అల్లం కాడికి వొయిన. అమ్మ దొడ్లనే కూసున్నది, తిండి గూడ తినలే. గంట దాటినంక దూరంకెళ్ళి బరువుగ సప్పుడొచ్చింది. నేను సూసేవరకు అమ్మ పొయ్యిల కొరివి వట్టుకొని చొప్ప కుప్ప కాడ నిలవడ్డది. 'ఏం జేస్తున్నవమ్మా!' అని ఉరికొచ్చిన. 'మీ నాయిన పోతుండురా. ఉత్తగ పోతుండు' అన్నది. అనుకుంటనే అంటువెట్టింది."

నాయన నవ్వాడు. కట్టు కింద నుంచి, ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. నేను తల పట్టుకుని "నవ్వకు నాయినా, తల కదుల్తది" అని మొత్తుకున్నాను. నర్సు వచ్చి ముగ్గురినీ కోప్పడింది. నవ్వు ఆగాక "చొప్పంత పాయెనా?" అన్నాడు. మొత్తం పోయిందట. నీళ్ళ కుండలతో వచ్చిన చుట్టుపక్కల చేలవాళ్ళు సంగతి విని, మర్నాడు తలా ఒక చొప్పకట్ట తెచ్చి దొడ్లో వేసిపోయారట. "మీ అమ్మను ఏమన్నరా?" అని అడిగాడు. "ఏమంటరు? పటేలమ్మకు పిచ్చి లేసిందన్నరు" అన్నాడు అన్న. "అననియ్" అన్నాడు నాయన, ఆ మాట ఎంతో గర్వంగా.

కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. నాయన చెప్పలేకపోయాడు. వెలుతురు తెలుస్తోంది, మనిషి అడ్డం వస్తే నీడలా తెలుస్తోంది. డాక్టరు నాతో ఇంగ్లీషులో చెప్పాడు, ఇంతకంటే రాదని. బయటికి వచ్చాక నాయన "ఉన్నది ఉన్నట్టు జెప్పు" అన్నాడు. చెప్పాను. ఆసుపత్రి మెట్ల మీద ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. నేను ఏడుస్తుంటే నా తల నిమిరి, "ఇంటికి పోదాం పా" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎవరమూ కిటికీ అడగలేదు. బేగంపేటలో యూసుఫ్ భాయ్ ఎదురొచ్చాడు, మళ్ళీ గ్లాసుతోనే. ఇంటి ముందు దిగేసరికి అమ్మ ఈసారి గడపలోనే నిలబడి ఉంది. మా మొహాలు చూసి ఆమెకు అర్థమైంది. నాయన చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, చాలాసేపటికి ఒక్కటే అడిగింది.

"పొగ కనవడ్డదా?"

"ఊరంత కనవడ్డది. బిడ్డ కన్న ముందుగాల నేనే జూసిన" అన్నాడు నాయన. "నా కన్ను సక్కగ జూసిన ఆఖరుది నువ్వేనే."

"నన్నేడ జూసినవ్? చొప్పను జూసినవ్" అని అమ్మ లోపలికి పోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఎంతకీ వినబడలేదు. నేను వెళ్ళి చూస్తే, పొయ్యి ముందు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ తర్వాత నాయన చాలా ఏళ్ళు బతికాడు. ఇప్పుడు మా వైపు ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చింది, చెరుకు చేల మధ్య ఇళ్ళు లేచాయి, బొంబాయి పేరు కూడా మారింది. బతికినన్నాళ్ళూ రోజూ మధ్యాహ్నం ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని మొహం పైకెత్తి చప్పుడు వినేవాడు. బీదర్‌ది అయితే మాట్లాడేవాడు కాదు. బొంబాయిది అయితే "ఏమే, బయటికి రా" అని పిలిచేవాడు. అమ్మ పిండి చేతులతోనో, పేడ చేతులతోనో వచ్చి నిలబడేది. "చెయ్యి ఊపు" అనేవాడు. "ఎవరికి? మనోళ్ళెవరున్నరు అండ్ల?" అని అమ్మ విసుక్కునేది. "ఎవరో ఒకరు కిటికీ కాడ కూసొని కిందికి జూస్తుంటరే. ఉత్తగ పోనియ్యకు" అనేవాడు. అమ్మ పైకి చూసి చెయ్యి ఊపేది. ఊపిందో లేదో ఆయనకు ఎలా తెలుస్తుందని నేను ఒకసారి అడిగాను. "గాజులు ఇనవడ్తయ్ గద" అన్నాడు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత అని ఎవరడిగినా నాకు కిలోమీటర్లు తర్వాత గుర్తొస్తాయి, ముందు ఆ గాజుల చప్పుడే గుర్తొస్తుంది.

సరే, నన్నడిగిన అమ్మాయికీ, మీ అందరికీ ఒక్క సలహా. మాకు బేగంపేట నుంచి ఎడమ కిటికీ పనికొచ్చింది. ఇప్పుడు విమానాశ్రయం దక్షిణానికి, శంషాబాద్‌కు పోయింది, కాబట్టి అక్కడి నుంచి ముంబైకి పోతే కుడి వైపు కిటికీ అడగండి. గాలిని బట్టి దారి కొంచెం అటూ ఇటూ అవుతుంది, కనబడకపోతే నన్ను తిట్టుకోకండి. లేచిన పది, పదిహేను నిమిషాలకు ఫోను పక్కన పెట్టి కిందికి చూడండి. ఎర్రనేల, పచ్చటి ముక్కలు, బావులు కనబడితే అది మా వైపే. అక్కడ మీకోసం ఎవరో ఒకరు చెయ్యి ఊపుతుంటారు, ఆ ఎత్తు నుంచి మీకు కనబడదు. మీ నాన్నకు కిటికీ సీటిచ్చి, ఇద్దరూ తిరిగి చెయ్యి ఊపండి.